తాండూరు పోయొచ్చిన పాట

ఆ వారం మా బడి వరండాకు తాండూరు బండలు వేయిస్తున్నాం. లారీ వెనక తలుపు దించుతూ డ్రైవరు మాటవరసకు అన్నట్టు అన్నాడు, "మునుపు మీ బడిల పాటల సారు ఉంటుండె గద టీచరమ్మ. నిన్న పొద్దుగాల సచ్చిపోయిండు."

"బండలు మెల్లగా దింపండి, అంచులు విరుగుతాయి," అన్నాను నేను.

నా నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే. తరువాత ఎనిమిదో తరగతిలోకి పోయి, పుస్తకం తెరిచి, ముందురోజు చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పానట. పిల్లలు గుర్తుచేసేదాకా నాకు తెలియలేదు. సాయంత్రం హెడ్మిస్ట్రెస్‌ను అడిగి మరునాటికి సెలవు పెట్టాను. పొద్దున పాసింజరుకు తాండూరు పోవాలి. పోయి ఏం చెప్పాలో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. చెప్పాల్సిన మనిషి లేకుండా పోయాక ధైర్యం వచ్చింది. అదీ నా వరస.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు రాస్తే ఆయనకేదో మేలు చేస్తున్నట్టుంటుంది. ఆ మేలు చేయాల్సిన రోజున నేను చేయలేదు. వికారాబాదులో అందరూ ఆయన్ను పాటల సారు అనేవారు, నేను సార్ అనేదాన్ని. ఆ పిలుపు చాలు.

చూడ్డానికి ఆయన సంగీతం మనిషిలా ఉండేవారు కాదు. సన్నగా, పొడుగ్గా, చిన్న గుమ్మాలకు అలవాటుపడ్డ మనిషిలా కాస్త వంగి నడిచేవారు. ఎండాకాలంలో కూడా మెడదాకా గుండీలు పెట్టిన పాత కోటు. చంకలో గొడుగు. ఆ గొడుగు తెరవగా నేను ఎన్నడూ చూడలేదు. ఒకసారి అనంతగిరి వైపునుంచి కుండపోతగా వాన వస్తుంటే ఇద్దరం బడి గేటు దగ్గర తడిసి ముద్దయ్యాం. గొడుగు తెరవండి సార్ అంటే, "మనం తడిస్తె ఆరుతం టీచరమ్మ. గొడుగు తడిస్తె తుప్పు పడ్తది," అన్నారు. మరి ఆ గొడుగు దేనికంటే, నడుస్తూ దాని పిడి మీద వేళ్ళతో తాళం వేసుకోవడానికి.

మర్పల్లి దగ్గర పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం ఆయనది. సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే, "పొద్దుగాల చర్చిల, పగటీలి నాట్లేసెటోళ్ళ కాడ, మాపటీలి తాండూర్ల ఒక ఉస్తాద్ కాడ. మూడు పూటల తిండి లెక్కనే," అనేవారు. అంతకు మించి తన గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు.

బడిలో ఉన్న హార్మోనియంలో ఒక మెట్టు పలికేది కాదు. బాగుచేయించమని రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. ఆ మెట్టు దగ్గరికి రాగానే ఆ స్వరాన్ని తానే నోటితో గట్టిగా పాడి, మళ్ళీ వేళ్ళు నడిపించేవారు. పాటలో అక్కడ గొంతు పెంచాలేమోనని పిల్లలంతా అక్కడికి రాగానే అరిచేవారు. బడి వార్షికోత్సవానికి వచ్చిన తహసీల్దారు గారు ఉలిక్కిపడి కుర్చీ పట్టుకున్నారు. ఆ మెట్టు తరువాత బాగైంది, పిల్లల అరుపు మాత్రం చాలా ఏళ్ళు అలాగే ఉంది.

పిల్లల్ని తిట్టడం ఆయనకు చేతకాదు. శ్రుతి తప్పితే, "జర ఆ కిటికి ముయ్యి బిడ్డా, పాట బయటికి పోతున్నది," అనేవారు. ఎవరో ఒకతె లేచి కిటికీ మూసేది. మే నెలలో నాలుగు కిటికీలూ మూసుకుని చెమటలు కక్కుతూ పాడిన రోజులున్నాయి.

ఆయన కీర్తనలు కట్టేవారు. అదీ ఆయన అసలు పని. పాఠం చెప్పడం పొట్టకోసం. బడి వదిలాక ఖాళీ తరగతిలో బెంచీల మధ్య నడుస్తూ కట్టేవారు. మొదటి బెంచీ దగ్గర పల్లవి, తరువాత అనుపల్లవి, తరువాత చరణం. ఒక చోట కుదరకపోతే ఆ బెంచీ దాటేవారు కాదు. నేను పుస్తకాలు సర్దుకుని ఇంటికి పోతూ కిటికీలోంచి చూసి, "మూడో బెంచీ దగ్గరున్నారా సార్ ఇంకా?" అంటే, "మూడు దినాల సంది ఈడనే," అని నవ్వేవారు. ఒక్కో కీర్తనకు మూడు నెలలు, నాలుగు నెలలు పట్టేది. రాగం, తాళం, నడక అన్నీ కట్టుదిట్టంగా ఉండేవి. ఆరేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని, నాకూ వంక దొరికేది కాదు.

వంకంతా ఆ తరువాత ఆయన చేసే పనిలో ఉండేది. పాట పూర్తయ్యాక దాన్ని బడికి తెచ్చేవారు కాదు. వికారాబాదు స్టేషనుకు తీసుకుపోయేవారు. తాండూరు అంగడికి సీతాఫలాలు, జామకాయలు, కూరగాయలు గంపల్లో తీసుకుపోయే ఆడవాళ్ళు పొద్దున పాసింజరు ఎక్కుతారు. వాళ్ళతోపాటు గంపల మధ్య కూర్చుని రెండు మూడు స్టేషన్ల దూరం పాట నేర్పి, ఎదురు బండికి తిరిగి వచ్చేవారు. పదిహేను రోజులు ఆగి తాండూరు అంగడికి పోయి, ఒక గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వినేవారు. వాళ్ళ నోళ్ళలో పాట ఎక్కడ మారితే అక్కడ తనది కొట్టేసి వాళ్ళది ఉంచుకునేవారు. అప్పుడే అది బడికి వచ్చేది. ఈలోగా హెడ్మిస్ట్రెస్ కొత్త పాట ఏదని అడిగితే ఆయన జవాబు ఒకటే. "జర ఆగుండ్రి మేడం, పాట ఇంక రైల్ల ఉన్నది."

పోలీసు చర్య అయిన మూడో ఏడు నేను ఆ బడిలో చేరాను. చేరిన వారానికే ఆయన తరగతి ముందునుంచి పోతుంటే పిల్లలు ఒక కీర్తన పాడుతున్నారు. "మొగులా, మా మీదికెల్లి పోతివి, ఆగకపోతివి" అని పల్లవి. రాగం మోహన. మోహనలో స్వరాలు ఐదే, మధ్యమానికి అందులో చోటు లేదు. ఆ సంగతి మా గురువుగారు నా వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పారు. ఈ పిల్లలు "ఆగకపోతివి" దగ్గర ఎంచక్కా మధ్యమం పాడుతున్నారు. పైగా కీర్తనలో మొగులేమిటి? మేఘమని ఏడవొచ్చుగా? నాకు నోటి దురుసు ఎక్కువ. గుమ్మంలో నిలబడే అన్నాను.

"సార్, అక్కడ మధ్యమం పడుతోంది. తప్పు పాడుతున్నారు పిల్లలు."

ఆయన హార్మోనియం ఆపి నావైపు ఎంతో సంతోషంగా చూశారు. "తప్పే టీచరమ్మ. గా తప్పు ధారూర్ కాడ రైలెక్కింది."

నాకు ఒళ్ళు మండింది. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆయన లేచి గుమ్మం దాకా వచ్చారు. "ధారూర్ల బాలమ్మని ఒకామె ఉంటది. సీతాఫలాలమ్ముతది. నేను ఆడ గాంధారం మీదికెల్లి పంచమం మీదికి దుంకుమన్న. ఆమె దుంకలే, నడిచిపోయింది. నడుమ మధ్యమం కాలికి తగిలింది. ఆ ఏడు వాన పడక వాళ్ళ చేనంత ఎండిపోయింది టీచరమ్మ. మొగులు పోతుంటె చూస్కుంట నిలవడ్డది. ఆమెకు తెలుస్తది, ఆడ దుంకరాదని."

"రాగం పోయింది కదండీ."

"పోయింది," అన్నారు ఒప్పుకుంటూ. "పాట ఉన్నది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి అని విసుక్కుంటూ వచ్చేశాను. ఆ రోజంతా ఆ మధ్యమం నన్ను వదల్లేదు. అన్నం వండుకుంటూ పాడుకుంటే నాకూ అక్కడ దూకబుద్ధి కాలేదు. ఆ మాట ఆయనతో అనడానికి నాకు ఏడాది పట్టింది.

ఒకసారి పంతానికి నేనూ ఆయనతో రైలెక్కాను. సీతాఫలాల రోజులు. బోగీ అంతా గంపలే, కాలు పెట్టడానికి సందు లేదు. ధారూర్‌లో బాలమ్మ ఎక్కింది. నల్లగా, దిట్టంగా, ప్లాట్‌ఫారం మీదినుంచే వినపడే గొంతు. గంప దించకముందే, "ఏం సారూ, కొత్తదేమన్న తెచ్చినవా, ఉత్తగనే వచ్చినవా?" అంది.

ఆయన కొత్త అనుపల్లవి రెండుసార్లు పాడారు. బోగీలో అందరూ విన్నారు. బాలమ్మ పెదవి విరిచింది. "గీడ ఊపిరాడుతలేదు సారూ. నెత్తి మీద గంప పెట్టుకోని గింత పొడుగు ఎట్ల గుంజాలె?"

ఆయన చెవితమ్మె పట్టుకుని కాసేపు ఆలోచించి, అక్కడికక్కడే ఆ సాగతీతను సగానికి తగ్గించి పాడారు. నేను ఊరుకోలేదు. "గంపను బట్టి కీర్తన కత్తిరిస్తారా ఎక్కడైనా?" అన్నాను.

"అయితె నువ్వెత్తుకోని పాడు టీచరమ్మ, తెలుస్తది," అని బాలమ్మ నిజంగానే గంప లేపి నా తలమీద పెట్టబోయింది. నేను కిటికీ వైపు నక్కాను. బోగీ అంతా ఒకటే నవ్వు. ఆయన నవ్వలేదు. తగ్గించిన ముక్క మరిచిపోతానేమోనని గొడుగు పిడి మీద వేళ్ళు ఆడిస్తూనే ఉన్నారు.

అదే రోజు తాండూరు అంగడిలో అంతకుముందు పంపిన పాట ఒకటి వినాలి. గోడకు ఆనుకుని రెండు గంటలు కూర్చున్నాం. కందులు, బెల్లం, అరుపులు, బేరాలు. సేడం వైపునుంచి వచ్చిన కన్నడ ఆడవాళ్ళు ఆయనదే ఒక పాత పాటను కన్నడం మాటలు పెట్టి పాడుకుంటూ మిరపకాయలు ఏరుతున్నారు. ఆయనకు పట్టరాని ఆనందం. కానీ మేము వినాలనుకున్న కొత్త పాట మాత్రం ఒక్క నోటా వినపడలేదు. నాలుగు నెలలు కట్టిన పాట అది. నాకే ఉసూరుమంది.

"ఎవరు ఎత్తుకోలే టీచరమ్మ. బరువైంది," అన్నారు లేచి కోటు దులుపుకుంటూ. ఒక జామకాయ కొనుక్కుని గింజలతో సహా తినేశారు. ఆ పాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు. నాలుగు నెలల పనిని జామకాయ తిన్నంత సేపట్లో వదులుకున్న మనిషిని చూసి నాకు మొదటిసారి భయంలాంటి గౌరవం కలిగింది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ మరుసటేడు బడికి ఒక కాగితం వచ్చింది. డిప్లొమా లేని సంగీతం మాస్టర్లు పనిలో ఉండటానికి వీల్లేదు. అయితే సొంతంగా కీర్తనలు కట్టేవారికి ఒక వెసులుబాటు ఉంది. పది కీర్తనలు స్వరాలతో రాసి పట్నం పంపాలి. ముగ్గురు విద్వాంసుల ముందు కూర్చుని వాటిని పాడాలి. వాగ్గేయకారుడని వాళ్ళు ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం, కాదంటే ఆ నెలతో సరి. ఆయనకు అప్పటికి నలభై అయిదు దాటాయి. వేరే పని రాదు. ఇంట్లో భార్య శాంతమ్మ, ఆమె తల్లి.

ఆయనకు స్వరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం రాదు. రాసిపెట్టే పని నేను తీసుకున్నాను. నెలరోజులు బడి వదిలాక ఆయన పాడటం, నేను రాయడం. ఇంటికి తీసుకుపోయి మంచి కాగితం మీద సాపు ప్రతి తయారుచేసేదాన్ని. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

మోహనలో మధ్యమం చూస్తే ఏ విద్వాంసుడైనా కాగితం పక్కన పెట్టేస్తాడు. ఈ మనిషికి ఆ సంగతి చెప్పినా ఎక్కదు. కాబట్టి నేనే సరిచేశాను. మధ్యమం తీసేసి గాంధారం, పంచమం రాశాను. ఒకటి సరిచేశాక రెండోది చేయి ఆగదు. మొగులాను మేఘమా చేశాను. మా మీదికెల్లి పోతివి అన్నదాన్ని మా మీదుగా సాగితివి చేశాను. పది కీర్తనల్లోనూ ధారూర్‌లో ఎక్కినవాళ్ళందరినీ ఒక్కొక్కరినే దింపేశాను. ఆయన మేలుకోరే చేశానని ఇవాళ్టికీ ఒట్టు వేసి చెప్పగలను. అయితే మొత్తం నిజం అది కాదు. ఆ శుద్ధమైన ప్రతిని చూసుకుంటే నాకు గర్వంగా ఉండేది. కింద "ఉన్నది ఉన్నట్టు రాశాను" అని సంతకం పెట్టి, నా వీణ పరీక్ష వివరం కూడా చేర్చాను.

పట్నం పోయే రోజు రైల్లో చెబుదామనుకున్నాను. "సార్, అక్కడ మధ్యమం పాడకండి. కాగితంలో లేదు," అనాలి. సగమే అన్నాను. "మధ్యమం పాడకపోతే మేలేమో సార్." ఆయన ఫక్కున నవ్వారు. "ఎట్ల ఊకుంటది బాలమ్మ? గంప నెత్తిన పెడ్తది." ఉతికిన కోటు వేసుకుని, పిల్లలు ఇచ్చిన మల్లెపూలు జేబులో పెట్టుకుని ఎంతో హుషారుగా ఉన్నారు. నేను రెండో సగం మింగేశాను.

గదిలోకి పోయేసరికి ముగ్గురిలో నడుమ కూర్చున్నది మా వీణ గురువుగారు. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. "నీ రాతా అమ్మా ఇది! ఎంత శుద్ధంగా రాశావు," అన్నారు. నేను పాదాలకు దండం పెట్టాను. సార్ కింద చాప మీద కూర్చుని, గొడుగు పక్కన పెట్టుకుని పల్లవి ఎత్తుకున్నారు.

"మొగులా, మా మీదికెల్లి పోతివి..."

అంత బాగా ఆయన పాడగా నేను ఎప్పుడూ వినలేదు. "ఆగకపోతివి" దగ్గర గొంతు నడిచిపోతుంటే గురువుగారు చేయెత్తి ఆపారు.

"ఏమయ్యా, ఇక్కడ మేఘమా అని ఉంది. నువ్వు మొగులా అంటున్నావు. ఇక్కడ గాంధారం మీంచి పంచమం. నువ్వు మధ్యమం పలుకుతున్నావు. ఇందులో ఏది నీది?"

ఆయనకు అర్థం కాలేదు. కాగితం చేతికిస్తే వేలు పెట్టి పెదవులు కదిలిస్తూ చదువుకున్నారు. ఒక కాగితం తిప్పారు. ఇంకొకటి తిప్పారు. మూడోది తిప్పలేదు. నేను తలవంచుకుని చాప అంచు చూస్తున్నాను. ఇప్పుడు నావైపు చూస్తారు, టీచరమ్మ మార్చింది అంటారు, అనాలి కూడా, అనుకున్నాను.

"రాసింది సరైందేనండి," అన్నారు ఆయన. "నేనే తప్పు పాడిన."

పక్కన కూర్చున్న విద్వాంసుడు నవ్వాడు. "సొంత కీర్తనలో మాటలు తెలియని వాగ్గేయకారుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను." గురువుగారు నవ్వలేదు. నావైపు తిరిగి మెల్లగా అడిగారు. "ఇవి నువ్వు కట్టినవా అమ్మా?"

"కాదండీ," అన్నాను.

అన్నాను, నిజమే. కానీ ఎలా అన్నాను! మంచి పిల్ల పొగడ్తకు సిగ్గుపడ్డట్టు, నేల చూస్తూ, గొంతు దించి అన్నాను. ఆ ముగ్గురికీ అది అవునన్నట్టే వినపడింది. గురువుగారు తలపంకించి కాగితాలు మూసేశారు. ఆయన లేచి అందరికీ దండం పెట్టి, గొడుగు తీసుకుని బయటికి వచ్చారు.

ఒక్క మాట చాలేది. పాటలు ఆయనవి, మార్చింది నేను. ఆ మాట అన్నా కూడా, మోహనలో మధ్యమం వేశాడని ఫెయిల్ చేసేవారేమో అని తొమ్మిదేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది వట్టి సాకు. తన దారిలో తాను పాడి ఓడిపోవడం వేరు, పరాయి పాటలు తెచ్చుకున్నాడనిపించుకుని వెళ్ళిపోవడం వేరు. గురువుగారి ముందు చులకనైపోతానని నేను నోరు మూసుకున్నాను. ఆయన ఉద్యోగంతో పాటు ఆయన పాటలమీద ఆయనకున్న హక్కు కూడా నా మూలంగానే పోయింది.

తిరుగు రైల్లో ఆయన పల్లికాయ కొన్నారు. సగం నా దోసిట్లో పోశారు. క్షమాపణ అడగాలని నోరు తెరవడం, ఎవరో ఒకరు బోగీలోకి ఎక్కడం. శంకర్‌పల్లి దాటాక ఆయనే అన్నారు.

"మీ దస్తూరి మస్తుంటది టీచరమ్మ. ముత్యాల లెక్క."

వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకున్నారు. వికారాబాదు దాకా మళ్ళీ ఆ ఊసు రాలేదు. ఆయన తిట్టి ఉంటే నేను ఏడ్చి, కాళ్ళమీద పడి, బయటపడేదాన్ని.

ఆ నెలాఖరున ఆయన బడి మానేశారు. "వేరేవాళ్ళ పాటలట కదా, పాపం," అని స్టాఫ్‌రూమ్‌లో అనుకుంటుంటే, "కాదు, ఆయనవే!" అని గట్టిగా పోట్లాడాను. చెప్పాల్సిన చోట చెప్పకుండా, చెప్పినా ఒరిగేదేమీ లేని చోట బాగానే చెప్పాను. మా గురువుగారికి ఉత్తరం రాయాలని ఎన్నిసార్లో కూర్చున్నాను. రెండేళ్ళకు ఆయనా పోయారు.

సార్ కుటుంబం తాండూరుకు మారింది. అక్కడొక పప్పు మిల్లులో గేటు దగ్గర కూర్చునే పని దొరికింది. వ్యాపారుల ఇళ్ళలో ఆడపిల్లలకు పెళ్ళిపాటలు నేర్పేవారు. ఏడాదికి రెండు మూడుసార్లు నేను పోయేదాన్ని. ఇల్లు చిన్నది, బండలు పరిచిన ఒక్క గది. నన్ను చూడగానే ఆయన లేచి ఉన్న ఒక్క కుర్చీ దులిపి వేసేవారు. బడి గురించి, పిల్లల గురించి పేరుపేరునా అడిగేవారు. శాంతమ్మ చాయ్ తెచ్చి నా చేతికిచ్చి, మాట్లాడకుండా లోపలికి పోయేది. ఆమె స్వభావమే అంత అనుకున్నాను. పోయిన ప్రతిసారీ నేను అడిగేదాన్ని, "కొత్త పాట ఉందా సార్?"

"ఉన్నది టీచరమ్మ. ఇంక రైల్ల ఉన్నది."

ఆ జవాబు వింటే నాకు ప్రాణం లేచి వచ్చేది. మనిషి మనిషిగానే ఉన్నాడు, నేను చెరిపింది ఉద్యోగం ఒక్కటే, పాటను కాదు అని గుండె నిబ్బరం చేసుకుని తిరుగు బండి ఎక్కేదాన్ని. క్షమాపణ సంగతి వచ్చేసారి చూద్దాం అనుకునేదాన్ని. తొమ్మిదేళ్ళూ అలాగే గడిచాయి.

ఆయన పోయిన మూడోనాటి పొద్దున నేను ఆ ఇంటికి చేరాను. సమాధి అంతకు ముందురోజే అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ధారూర్ నుంచి బాలమ్మ వచ్చి, గుండెలు బాదుకుని ఏడ్చి, పొద్దున బండికే పోయిందట. శాంతమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఆయన కోటు మడతపెడుతోంది. నేను కుర్చీలో కూర్చోలేదు. ఎదురుగా బండల మీద కూర్చున్నాను.

"అక్కా, ఆ రోజు పట్నంలో..." అని మొదలుపెట్టాను. ఆపకుండా చెప్పాను. మధ్యమం తీసేసింది, మాటలు మార్చింది, సంతకం పెట్టింది, గురువుగారు అడిగితే నేల చూసింది, అంతా. చెబుతున్నంతసేపూ ఆమె కోటు మడతలు విప్పి మళ్ళీ మడతపెడుతూనే ఉంది.

"నాకెర్కనే టీచరమ్మ," అంది చివరికి. "గా దినం ఇంటికొచ్చినంకనే చెప్పిండు. 'ఆమె మంచికనే రాసింది, ఆమెను ఒక్క మాట అనొద్దు' అని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకోని ఒట్టేయిచ్చుకున్నడు."

ఏదో ఒకటి చేయాలి అనిపించింది. "కొత్త పాటలు ఉన్నాయన్నారు అక్కా. అవి చెప్పు. ఈసారి ఒక్క అక్షరం మార్చను. ఎట్లా పాడారో అట్లాగే రాస్తాను."

"ఏడున్నయి?" అంది శాంతమ్మ. "గా దినం కాన్నుంచి ఒక్క పాట కట్టలే. నువ్వడిగితె రైల్ల ఉన్నదనెటోడు. నువ్వు పోయినంక గోడ దిక్కు తిరిగి పండుకునెటోడు. రెండు దినాలు మాట ఉండకపోయేది."

వీధిలో బండల లారీ ఒకటి పోయింది. ఆమె కోటు ఒడిలో పెట్టుకుని నన్ను తిన్నగా చూసింది. తొమ్మిదేళ్ళలో నా కళ్ళలోకి ఆమె చూడటం అదే మొదలు.

"ఆయన నిన్ను మాఫ్ చేసిండు టీచరమ్మ. నేను చెయ్యలే. తొమ్మిదేండ్లు నీకు చాయ్ పోసిన. ఆయన ఒట్టు మీద పోసిన. ఇగ ఆయన లేడు, ఒట్టు తీరింది."

లేవడానికి చేయి నేలకు ఆనించాను.

"ఏడికి పోతవు, బండి లేదు ఇప్పట్ల," అంది ఆమె. "కూసో. చాయ్ పెడ్త."

పొయ్యి రాజేసి, నీళ్ళు మరిగించి, గ్లాసులో పోసి తెచ్చింది. ఎప్పటిలా నా చేతికివ్వలేదు. ముందు బండ మీద పెట్టి, పక్కనే కూర్చుంది. నేను గ్లాసు తీసుకుని తాగాను.